పక్కన కూర్చున్న మనిషి

మా బావ చచ్చిపోయిన నెలలోనే నేతగాళ్ల సంఘం మా అక్కకు నూలు ఇవ్వడం ఆపేసింది. సభ్యుడు పోయాడు గనుక సభ్యత్వం కూడా పోయిందన్నారు. ఇద్దరు చిన్నపిల్లలు, ఇంట్లో ఖాళీ మగ్గం. పక్కన కూర్చుని నేయడానికి మా చిన్నమ్మ సిద్ధంగానే ఉంది, లేనిది నూలే. ఇన్నేళ్లయినా ఆ సంగతి తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

అరవైల మొదట్లో వరంగల్లోని మా వాడలో ఏ ఇంట చూసినా జంపఖానాలే నేసేవారు. పెద్ద జంపఖానాకు ఒక్క మనిషి చాలడు. మగ్గం ముందు ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి. ఒకరు మధ్యదాకా తెచ్చిన రంగు నూలు రెండోవారి చేతికి అందాలి. ఇనుప పళ్ల పంజాతో ఆ నూలును దిగ్గొట్టేటప్పుడు ఇద్దరి దెబ్బా ఒక్కలా పడాలి. మా ఇళ్లలో ఆ రెండో మనిషి భార్యే. పెళ్లయిన నాటి నుంచీ మా అక్క బావ పక్కనే కూర్చుంది. సంఘంలో పేరు మాత్రం మగవాడిదే ఉండేది. ఆడవాళ్లకు వద్దని ఎవరూ ఎక్కడా రాయలేదు, ఊరికే అలా జరిగిపోతూ వచ్చింది.

నేను బడి మొహం చూసినవాణ్ణి కాను. హన్మకొండలో ఒక పఠనమందిరంలో పాత పత్రికలు ముందేసుకుని అక్షరాలు కూడబలుక్కున్నాను. అక్కడ నా బుర్రకెక్కిన సంగతి ఒకటుంది, ఏది పెట్టినా ఎవరి కోసం పెట్టారో మరవకూడదని. దవాఖాన పెట్టింది రోగి కోసం. కాజీపేటలో గార్డు పచ్చజెండా ఊపేది బండి క్షేమంగా పోవడం కోసం. మరి నేతగాళ్ల సంఘం ఎవరి కోసం? సంఘం అధ్యక్షుణ్ణి ఇదే అడిగాను. ఆయనా మాలాంటి నేతగాడే.

"తమ్మీ, నేసేటోడు మీ బావ. మీ అక్క ఉత్తగ పక్కన కూసునేది. కూసున్నోళ్లకల్ల నూలిస్తే రేపు మా ఇంట్ల పిల్లి గూడ వచ్చి అడుగుతది" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు పకపకా నవ్వారు.

"గా మాట సభ్యులందరి ముంగట చెప్పు. మీటింగు పెట్టు" అన్నాను.

"పేపర్లు సదివేటోనివాయె. నువ్వే పెట్టియ్యరాదు!"

పెట్టించాను. ఇల్లిల్లూ తిరిగి సభ్యులందరి చేతా అడిగించాను. ఇక ఆయనకు తప్పలేదు.

మీటింగు నాడు సంఘం గదిలో ఎర్ర జంపఖానా పరిచారు. అది మా అక్కాబావలు నేసిందే. అధ్యక్షుడు మళ్లీ అదే పాట ఎత్తుకున్నాడు. నేను లేచి నిలబడ్డాను.

"మీరంత దేనిమీద కూసున్నరు?"

"జంపఖానా మీద. కండ్లు కనవడ్తలేవా?" అన్నాడాయన.

"ఎవలు నేసిండ్రు?"

"మీ బావ."

"గట్లయితే మా అక్క నేసిన సగం ఇడిసిపెట్టుండ్రి. మా బావ నేసిన సగం మీదికి జర జరుగుండ్రి."

ఎవరూ కదల్లేదు. తలలు మాత్రం కిందికి వంగాయి. ఒక ముసలాయన అరచేత్తో జంపఖానాను ఈ అంచు నుంచి ఆ అంచుదాకా తడిమి చూశాడు.

"అతుకే లేదు గదనే! ఎటు జరుగుదం?" అని అధ్యక్షుడి వైపు తిరిగాడు. "అవ్ గని, నీ పక్కన కూసోని పంజా కొట్టేదెవలు? నీ పెండ్లాం, మా చెల్లె గాదా? ఆమె లేకుంటె నువ్వు ఒక్కనివి ఏం నేస్తవో మేం గూడ సూస్తం!"

గది గదంతా గొల్లుమంది. ఈసారి నవ్వింది నన్ను చూసి కాదు. మా అక్కకు సభ్యత్వం ఇవ్వాలన్నవాళ్లు చేతులెత్తమన్నాను. ఒక్కసారిగా చేతులు లేచాయి. పిల్లి మాటకు పడిపడి నవ్వినవాళ్లవి అందరికన్నా ముందు లేచాయి. అధ్యక్షుడు అటూ ఇటూ చూసి, చివరికి తనదీ ఎత్తాడు.

"మరి నూలో?" అన్నాను, అక్కడే నిలబడి.

"ఇస్తం తియ్యి" అన్నాడు అధ్యక్షుడు. "పొద్దుగాలనే మీ అక్కను రమ్మను, ఏ రంగు కావాల్నో ఆమెనే ఏరుకోమను. నువ్వు మాత్రం రాకు తమ్మీ, వస్తె మల్ల ఏదో ఒకటి అడుగుతవ్."