లారీ తీసేస్తే సరుకెంత?

మా యోహాన్ బావకి ఎవరేం సెప్పినా అందులోంచి సగం తీసేసేదాకా నిద్రట్టదు. పోర్టు కాడ లారీ కాటా మీద ముప్పై ఏళ్ళు పనిసేసి రిటైరైపోయేడు. అక్కడ లారీని సరుకుతో తూస్తారు, దించేక మళ్ళీ ఖాళీది తూస్తారు, అది ఇందులోంచి తీసేస్తారు. ఉద్యోగం ఒగ్గేసింది గానీ ఆ తీసివేత మాత్రం ఈయన్ని ఒగ్గనేదు. ఏం విన్నా ఒకటే మాట: "సరే, లారీ తీసేస్తే సరుకెంత?"

పాస్టరుగారు గంటన్నర ప్రసంగం సెప్పి, సెమట తుడుసుకుంటూ బయటికొచ్చేరు. ఈయన ఎదురెల్లి, "బాగుందండి అయ్యగారూ. లారీ తీసేస్తే ఏడు నిమిసాలు" అన్నాడు. ఆయన పెళ్ళాం రోజలిన్ అక్కనడిగితే, "పెళ్ళిసూపులప్పుడు మా నాన్న మాటల్లో తీసివేత సేస్తా కూకున్నాడు, నాకేసి సూడనే నేదు" అంటాది.

నాది కంచరపాలెంలో టీ బండి. మా ఈదిలోనే కన్నబాబు, శ్రీసత్య అని మొగుడూ పెళ్ళాలు. ఆడు ఆటోనగర్‌లో వెల్డింగు, ఆమె దువ్వాడలో హాస్టల్ వంట. నాలుగేళ్ళ కూతురు సాయిదుర్గ. పొద్దున అంగన్‌వాడీ ఉంటాది, మజ్జానం ఎవరూ నేరు. ఆ గుంటపిల్లని ఇంట్లో ఎట్టి తాళమేసి ఎల్లిపోయేవోరు. ఓరోజు కిటికీ ఊసలట్టుకుని గుంట ఏడుత్తంటే, ఆటో కోటి ఫోన్లో తీసి గ్రూపులో ఎట్టేడు. పోలీసులొచ్చేరు. గుంటని పిల్లల హోమ్‌కి తీస్కెల్లిపోయేరు, అమ్మాబాబుల మీద కేసెట్టేరు.

కోర్టులో ఆ కేసు ఏడాది నడిసింది. నా బండి కాడ పది నిమిసాల్లో తేలిపోయింది.

"ఉరెయ్యాల" అన్నాడు కోటి.

"ఇద్దరికీనా?" అన్నాను.

"మరి ఒకరికేస్తే రెండో వోళ్ళు బాధపడరా? పంచదార తక్కువెయ్యి."

సేపలమ్మే గంగాలమ్మ బుట్ట దించింది. "ఓలమ్మో, వారం రోజులు తిండెట్టనేదంట గుంటకి!"

యోహాన్ బావ గ్లాసు కిందెట్టేడు. అయిపోయింది, కాటా ఎక్కింది అనుకున్నాను.

"నువ్వు సూసేవేటి గంగాలమ్మా?"

"సూడ్డమేటన్నా, ఈడియో ఉంది కదా!"

"అదెంతసేపు?"

"పదకొండు సెకండ్లు" అన్నాడు కోటి, సినిమా తీసినోడిలాగ.

"పదకొండు సెకండ్లలో వారం ఆకలి కనపడిపోయిందా? విన్నది తీసెయ్యి. ఊహించింది తీసెయ్యి. కుళాయి కాడ శ్రీసత్య నీ బిందె జరిపింది, ఆ కోపం తీసెయ్యి. ఇప్పుడు సరుకెంత?"

"తాళం" అంది గంగాలమ్మ.

"ఆఁ. తాళం."

దాంతో ఈయన కన్నబాబు పార్టీ అని ఈదంతా అనేసింది. బెయిలు మీదొచ్చిన కన్నబాబూ అదే అనుకుని ఏడ్సుకుంటూ వచ్చేడు.

"ఇద్దరం ఎల్లకపోతే పూట గడవదు మావా."

"శ్రీసత్య ఎన్నింటికెల్తాది?"

"రెండింటికి."

"నువ్వెన్నింటికొస్తావు?"

"ఆరు... ట్రాఫిక్కు కదా."

"ట్రాఫిక్కు తీసెయ్యి. పేకాట కాడ ఆగడం తీసెయ్యి."

"నాలుగున్నర" అన్నాడు ఆడు నేల సూస్తా.

"అయితే పేకాట మానేసినా రోజుకి రెండున్నర గంటలు, గుంట తాళం ఎనకాల. ఇది తప్పే. దీంట్లోంచి తీసెయ్యడానికి ఏం నేదు."

కన్నబాబు తలొంచుకుని ఎల్లిపోయేడు. నాకు ఒళ్ళు మండింది. "ఏడ్సేవోడి కాడ కూడా లెక్కలేటి బావా? మనిసివా, మిసనువా?" అన్నాను. బావ టీ డబ్బులు బల్ల మీదెట్టి సెప్పులేసుకున్నాడు.

తీర్పు రోజు కోటి ఆటోలో ఈదంతా కోర్టుకెల్లిపోయేం. జడ్జమ్మగారు సదివేరు: తిండి పెట్టలేదని డాక్టరు రిపోర్టులో ఎక్కడా లేదు. తాళం వేసింది నిజం, తల్లిదండ్రులే ఒప్పుకున్నారు. హెచ్చరించి, పూచీ మీద వదుల్తున్నాను. కానీ మధ్యాహ్నం చూసుకునే మనిషి ఉంటేనే పాప ఇంటికొస్తుంది, లేకపోతే హోమ్‌లోనే ఉంటుంది.

"ఎవరైనా ఉన్నారా?" అనడిగేరు.

శ్రీసత్య ఎనక్కి తిరిగి మా అందరికేసి సూసింది. కోటికి ఫోనొచ్చింది, మోగకుండానే. గంగాలమ్మ సీర సర్దుకుంది. నాకా? పొయ్యి మీద పాలెట్టి వచ్చేసేనేమో అని అప్పుడే గుర్తొచ్చింది.

యోహాన్ బావ లేసేడు. "అమ్మా, అన్నీ తీసేసి తూసేను. మిగిలింది రెండున్నర గంటలండి. ఆ బరువు నాను మోస్తాను."

"మేము అను" అంది రోజలిన్ అక్క పక్కనుంచి.

"బాగా ఆలోచించుకున్నారా?" అన్నారు జడ్జమ్మగారు.

"మూడు నెల్ల కితమే అయిపోయిందండి. సిన్న మంచం కూడా కొనేసేం" అన్నాడు బావ.

కన్నబాబుని టైములడిగి పిండేసింది ఇందుకా! నాను మిసనన్నందుకు ఒక్క మాటైనా తిరిగి అన్లేదు, దొంగమొగం.

ఇప్పుడు మజ్జానం బావ నా బండి కాడికి రాడు. మొన్న నానే ఇంటికి టీ పట్టుకెల్లేను. ముసిలాయన సిన్న మంచం మీద కాళ్ళు బయటికెట్టి పడుకున్నాడు. తెల్ల జుట్టు నిండా గులాబీ క్లిప్పులు, నుదుటి మీద తడిగుడ్డ.

"ఏటి బావా, జొరమా?"

"ష్!" అంది సాయిదుర్గ. "తాతకి ఆపరేసను. టీ తాగకూడదు."

"ఎప్పుడు తగ్గుతాదమ్మా?"

"రేపు ఇంకో ఆపరేసనుంది."

బావ ఒంటి కన్ను తెరిసేడు. "గ్లాసు మంచం కిందెట్టి ఎల్లిపో. డాక్టరమ్మ అటు తిరిగినప్పుడు తాగుతాను."