భాష తెలియని పాట

పావగడ దగ్గర వల్లూరు సోలార్ పార్కులో నాతోపాటు ప్యానెళ్లు తుడిచే ఒకామెను అత్తా అని పిలిచేదాన్ని. ఒక్కగానొక్క కొడుకు బైకు ప్రమాదంలో పోయినప్పటి నుంచి ఆమె ఎవరితోనూ పెద్దగా మాట్లాడేది కాదు.

డిసెంబరు వచ్చిందంటే, కేరళ నుంచి వచ్చిన సెక్యూరిటీ ఆయన ఫోన్లో క్రిస్మస్ పాటలు పెట్టుకునేవాడు. వాటిలో ఒక పాట మొదలవగానే అత్త చేతిలోని గుడ్డ ఆగిపోయేది. "ఇంకోసారి పెట్టప్పా" అని అడిగేది. మలయాళం ఆమెకు ఒక్క ముక్క రాదు.

క్రిస్మస్ నాడు పావగడ చర్చికి నన్ను తోడు రమ్మంది. నుదుట విభూతితోనే వెనక వరసలో కూర్చుంది. అందరూ కలిసి అదే రాగంలో పాట అందుకోగానే వెక్కి వెక్కి ఏడ్చింది. కొడుకును సాగనంపిన రోజు కూడా ఆమె అలా ఏడవలేదు.

ఇంటికి రాగానే, కొడుకు పోయాక మొదటిసారి, గూట్లో ఆంజనేయుడికి దీపం పెట్టింది.

"ఏందత్తా ఇది? ఆడ పాట విని ఈడ దీపం పెడతాండావు. నువ్వు నమ్మేది ఎవుర్ని?" అన్నాను.

"నాకూ తెలీదమ్మా. నా బిడ్డ యాడో బాగుండాడని ఎవురో చెప్పినట్లయింది. ఎవురు చెప్పినారో తెలీలేదు."

ఆమె కళ్లు మూసుకుని కూర్చుంది. చేతులు జోడించాలో వద్దో తెలియక నేను గడపలోనే నిలబడిపోయాను.