బాలింత జెల్లలు

కొల్లాపూర్ దగ్గర కృష్ణ ఒడ్డున ఖాసిం గాలం వేసి జెల్లలు పట్టేవాడు. వేలెడంత చేప. ఒంటి మీద పొలుసుండదు గానీ, ముల్లు గుచ్చిందంటే తేలు కుట్టినట్టే. జెల్ల పులుసు తింటే బాలింతకు రక్తం పడుతుందని అక్కడి వాళ్ల నమ్మకం. బాలింత కోసమని అడిగితే ఊరికే ఇవ్వాలన్నది ఖాసిం తండ్రి పెట్టిన కట్టడి. ఖాసిం దాన్ని ఒక్కనాడూ తప్పలేదు. వాచిన అతని వేళ్లకు వేడినీళ్ల కాపడం పెట్టలేక చచ్చేది మాత్రం పెళ్లాం సకీనాబీ.

సెల్‌ఫోన్లు వచ్చాక ఊళ్లో బాలింతలు మరీ ఎక్కువయ్యారు. ఖాసిం గాలం తీశాడని ఫోన్లో తెలిస్తే చాలు, ఎవరో ఒకరు గిన్నె పట్టుకుని గుమ్మంలో తయారు.

"ఈ ఊర్ల మొగోళ్లు గూడ కంటున్నరా ఏంది?" అని సకీనాబీ తల కొట్టుకునేది.

ఒకరోజు పక్క వీధి ఉశేనప్ప వచ్చాడు.

"వదినా, ఇంట్ల బాలింత ఉంది. జర రెండు జెల్లలియ్యి."

"నీ పెండ్లాం అలిగి పుట్టింటికి పోయి ఏడాదాయె. ఎవరు కన్నరయ్యా?"

ఉశేనప్ప బుర్ర గోక్కున్నాడు. "మా బర్రె ఈనింది."

సకీనాబీకి ఒళ్లు మండిపోయింది. "ఇంటున్నవా నీ బాలింతల కథ!" అని మొగుడి మీద విరుచుకుపడింది.

ఖాసిం పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వుతూనే జెల్లల బుట్టను ఆమె ముందుకు జరిపాడు.

"పచ్చి చేపలిస్తే పాపం ఏం జేస్కుంటడు? ఇంట్ల ఆడమనిషి లేకపాయె. నువ్వే జర పులుసు పెట్టియ్యరాదు!"