గుండెకు మంచిదని పోసిన గ్లాసు

సారా కాచడంలో విదోసావ్‌ను మించినవాడు ఆ లోయలో లేడు. ఆల్‌బుకార పళ్ళు పులిసి నురగ కట్టగానే ఊరి జనం పీపాలు దొర్లించుకుంటూ ఆయన రాగి బాన దగ్గరికే వచ్చేవాళ్ళు. మంచి ధార మొదలవగానే తొలి గ్లాసు ఆయనకే. కాదంటే పళ్ళ యజమానికి తలకొట్టేసినట్టు. అలా ఊరందరి మర్యాదా కాపాడుతూ ముప్ఫై ఏళ్ళు తాగాడు పాపం.

ఇంట్లో భార్య స్తమెంకా కూడా పొద్దున్నే కాఫీకి ముందు చిన్న గ్లాసుడు పోసిచ్చేది. రక్తనాళాలు తెరుచుకుంటాయని, గుండెకు బలమని అత్తగారు నేర్పిన అలవాటు అది. ప్రేమతోనే పోసింది.

ముప్ఫయ్యో ఏడు ఆయన కాళ్ళు వాచాయి. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడేది కాదు. స్తమెంకా భయపడి గ్లాసు ఇంకాస్త నిండుగా పోయసాగింది.

"సారా గుండె కండను చెడగొట్టిందమ్మా. సాగి, డీలాపడిపోయింది," అంది పట్నంలో డాక్టరమ్మ. "ఇక చుక్క ముట్టకూడదు. మానేస్తే కొన్నాళ్ళయినా దక్కుతాడు."

"గుండెకనే కదమ్మా పోశాను," అంది స్తమెంకా.

ఆసుపత్రిలోనే ఉంచి, మందులిచ్చి తాగుడు మాన్పించారు. తిరిగొచ్చే బస్సులో ఆమె ఏడుపు ఆపుకోలేకపోయింది.

"ఊరుకోవే. తాగింది నేను," అన్నాడు విదోసావ్.

మళ్ళీ బాన కింద మంట పెట్టిన రోజున పొరుగింటి తిహోమిర్ గ్లాసు నింపి చాచాడు. విదోసావ్ వాసన చూసి, రెండు చుక్కలు వేళ్ళ మధ్య రుద్ది, బాగుందని గ్లాసు తిరిగిచ్చేశాడు.

"ఏంరా, నా పళ్ళు పాచిపోయాయా? ఆసుపత్రి నీళ్ళు అంత రుచించాయా?" అన్నాడు తిహోమిర్. "ఒక్క గుటక వెయ్యి. మనం చచ్చేదాకా స్నేహితులం కదరా."

"ఆ చావేదో కాస్త ఆలస్యంగా రానీరా," అన్నాడు విదోసావ్.

గ్లాసు వైపు మళ్ళీ చూడకుండా ధార కింద పీపా సర్దాడు. కట్టెలు ఎగదోస్తున్న స్తమెంకా అది చూసింది.

కాళ్ళ వాపు తగ్గింది. మరో రెండు కాపులు చూశాడు, రెండుసార్లూ నోట చుక్క వేసుకోకుండానే కాచాడు. ఆ తర్వాతి వసంతంలో, చెట్ల కొమ్మలు కత్తిరిస్తూ కూలబడి మళ్ళీ లేవలేదు. పాడైన గుండె అంతవరకే మోసింది.

ఆయన పోయిన నలభయ్యో రోజున అందరూ సమాధి దగ్గర చేరారు. కొవ్వొత్తులు వెలిగించాక తిహోమిర్ సీసా మూత తీసి సమాధి మీదికి వంచబోయాడు. స్తమెంకా అతని మణికట్టు పట్టుకుంది.

"వద్దు, అన్నా."

"ఆచారం కదా వదినా. వాడు కాచిందే ఇది."

"ఎవరు కాచారో నాకు తెలీదా? ఎంత యాతనపడి మానేశాడో పక్కన పడుకున్నదాన్ని, నాకు తెలుసు. నా చేత్తో పోసింది చాలు. ఇప్పుడు మీరు పోయకండి."

చేసంచిలోంచి ఇంటి బావినీళ్ళ సీసా తీసి, మట్టి మీద నెమ్మదిగా పోసింది. తిహోమిర్ తన సీసాకు మూత బిగించి, టోపీ తీసి నిలబడ్డాడు.