ఇరవై నిమిషాల ఫారం

మా పెద్దమ్మ లాండ్రీలో ఏడుగురు ఆడవాళ్లు పనిచేసేవారు. ఆస్పత్రి దుప్పట్లు ఉతికి, ఇస్త్రీ చేసి పంపడమే పని.

మూడు నెలలకోసారి కార్మిక శాఖ నుంచి యజమానుల సర్వే ఫారం వచ్చేది. ముప్పై ఆరు పేజీలు. ఎంతమంది, ఎన్ని గంటలు, ఎవరు మానేశారు, ఎందుకు మానేశారు. పెద్ద కంపెనీలకు గుమాస్తాలుంటారు. పెద్దమ్మకు పెద్దమ్మే గుమాస్తా. నింపడానికి ఎంతసేపు పట్టిందన్న చివరి ప్రశ్నకు ఆవిడ ‘రెండు రోజులు’ అని రాస్తే, ఫారం తీసుకెళ్లడానికొచ్చే సర్వే అధికారి కొట్టేసి ‘ఇరవై నిమిషాలు’ అని దిద్దేవాడు.

“అందరికీ అంతే పడుతుందమ్మా. నీకు చదువు తక్కువ,” అని పనివాళ్ల ముందే నవ్వాడు.

ఆ వానాకాలం, ఫారం తప్పుల తడక అని ఆఫీసుకు పిలిపించి రెండు రోజులు బెంచీ మీద కూర్చోబెట్టాడు. ఇక్కడ బాయిలర్ చెడింది. దగ్గరుండి బాగుచేయించే దిక్కు లేక దుప్పట్లు అందలేదు. ఆస్పత్రివాళ్లు వేరేవాళ్లను చూసుకున్నారు. ముగ్గురిని రేపట్నుంచి రావద్దని పెద్దమ్మే చెప్పాల్సి వచ్చింది. ఆ పూట అన్నం ముట్టలేదు.

“వాడికి ఇంతకింత చూపించకపోతే చూడవే,” అంది నాతో.

ఫారం వెనక చీమతలకాయంత అక్షరాల్లో నియమాలుంటే కూడబలుక్కుని చదివింది. యజమాని కోరితే అధికారే పనిచోటికొచ్చి, కళ్లారా చూసి నింపాలట. వెంటనే అర్జీ పెట్టింది.

ఆయన రాక తప్పలేదు. బాయిలర్ పక్కనే స్టూలు వేసింది.

“ఎంతమందమ్మా పనివాళ్లు?”

“లెక్కపెట్టుకోండి సార్. నాకు చదువు తక్కువ కదా.”

హాజరు పుస్తకాలు ఒక్కొక్కటే తెచ్చిచ్చింది. ఆయన చొక్కా చెమటకి వీపుకి అతుక్కుపోయింది. లేవబోతే, “ఇంకా ఇరవై రెండు పేజీలున్నాయి సార్,” అనేది. రెండో రోజు సాయంత్రానికి చివరి ప్రశ్న దగ్గర కలం ఆగింది.

“రాయండి.”

“పైవాళ్లు ఒప్పుకోరమ్మా...”

“మీరు కూర్చున్నంతసేపేగా రాయమంటున్నా.”

‘రెండు రోజులు’ అని రాసి సంతకం పెట్టాడు.

పెద్దమ్మ దానికి నకళ్లు తీయించి వీధంతా తిరిగింది. దర్జీ, కమ్మరి, బేకరీవాడు, ప్రెస్సు ఓనరు, మొత్తం నలభైమంది అవే అర్జీలు పెట్టారు. ఎండాకాలమంతా ఆయన కొలుముల పక్కన, పొయ్యిల పక్కన ఉడికాడు. ఇన్ని అర్జీలెందుకని విచారణకొచ్చిన పైఅధికారి ముందు పెద్దమ్మ తను దాచుకున్న పాత ఫారాల నకళ్లు దిద్దుళ్లతో సహా పరిచింది. సర్వే అధికారిని పాత కాగితాల గదికి పంపేశారు. ఫారం ఐదు పేజీలకు దిగింది.

ఆస్పత్రి పని మాత్రం తిరిగి రాలేదు. మానిపించిన ముగ్గురిలో ఒక్కతే వెనక్కొచ్చింది.

కొన్నాళ్లకు ఆయనొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. “మీరొక్క మాట చెబితే పాత సీటు ఇస్తారమ్మా.” పెద్దమ్మ కూర్చోమనలేదు, తల ఎత్తలేదు. దిండు గలీబులు మడతపెడుతూనే ఉంది. చాలాసేపు చూసి వెళ్లిపోయాడు. నాకు జాలేసింది. ఆవిడకు వేయలేదు.