కళ్లు మూసుకున్నాక పెద్దమ్మ

కమలాపురంలో నేను నడిపిన ఆడవాళ్ల బైబిల్ స్టడీకి ఒక పెద్దమ్మ వచ్చేది. వాక్యం చదివి, "ఇది మన బతుకులో ఎక్కడ పనికొస్తుంది?" అని అడిగితే చాప అంచు పీకుతూ కూర్చునేది. చివరి ప్రార్థనకు అందరం కళ్లు మూసుకున్నామా, ఇక ఆమె నోటికి పట్టపగ్గాలుండవు. ప్రార్థనకు ఎవరూ అడ్డు రారని ఆమె ధీమా. ఎవరిమీద కోపముంటే వాళ్ల ఎదుటే దేవుడికి ఫిర్యాదు చేసేది. ఎన్నిసార్లు చెప్పినా వినదే!

ఒక శుక్రవారం సమాధానపడటం గురించి గంటసేపు గొంతు చించుకున్నాను. కొన్నాళ్లుగా ఆమెతో మాటల్లేని తోడికోడలు ఎదురుగానే కూర్చుంది. ప్రార్థన మొదలైంది.

"ప్రభువా, మా ఏరాలు నా తోటకు నీళ్లు ఇడిసేది నిలిపేసింది. చీనీ చెట్లు వాడిపోతాండాయి."

నేను ఆమెన్ అనేలోపే తోడికోడలు అందుకుంది. "ప్రభువా, మా మోటరు కాలిపోయిండాదని ఆయమ్మకు చెప్పు."

వెంటనే పెద్దమ్మ, "మా బోరు ఎండిపోయినాక మోటరు ఊరికే పడిండాది. తీసకపొమ్మను తండ్రీ."

కళ్లు తెరిచాక ఇద్దరూ చెరో గోడ చూశారు. "ఇప్పుడన్నా మాట్లాడుకోండమ్మా!" అన్నాను. "మాట్లాడేదేముండాదమ్మా?" అంది పెద్దమ్మ.

మళ్లీ శుక్రవారానికి రెండు తోటలూ తడిశాయి. ఆ సంతోషంలో ఇంకాస్త ఎక్కువసేపే చెప్పాను. ప్రార్థనలో పెద్దమ్మ అంది: "ప్రభువా, ఈయమ్మ శానాసేపు చెప్తాండాది. ఇంటికాడ ఎనుములు అరుస్తాంటాయి."

పళ్లు కొరుక్కుంటూ, కళ్లు తెరవకుండానే అన్నాను: "ప్రభువా, వచ్చే వారం తొందరగా ముగిస్తానని పెద్దమ్మతో చెప్పు."