సూడాన్ ఆవిడ పాదాలకు పసుపు

నిన్న శ్రావణ శుక్రవారం. మంగళగిరిలో మేముండే అపార్ట్‌మెంటులో పక్క ఫ్లాటు అమ్మాయి కుంకుమ భరిణె పట్టుకుని పేరంటానికి పిలవడానికి బయల్దేరి, గుమ్మంలో నన్ను చూసి “బాగున్నారా ఆంటీ” అని నవ్వి, ఎదురింటి బెల్లు నొక్కింది. మావారు పోయినప్పటి నుంచీ ఇలాంటి పిలుపులు నా గుమ్మం దాటిపోతున్నాయి. ఆ పిల్లను అనడానికేముంది, ఆ వయసులో నేనైనా అంతే చేసేదాన్ని. అయినా మనసు చివుక్కుమంది, ఉన్నట్టుండి మస్కట్ గుర్తొచ్చింది.

పెళ్లయిన కొత్తలో మావారి ఉద్యోగం అక్కడే. నాలుగంతస్తుల బిల్డింగులో తెలుగు ముక్క వినపడేది కాదు. ఆయన పొద్దున్నే వెళ్తే పొద్దుగూకాక వచ్చేవారు, నేను గోడలతో మాట్లాడుకునేదాన్ని. ఐదో నెల కడుపుతో ఉండగా శ్రావణమాసం వచ్చింది. అమ్మ ఒంగోలు నుంచి ఫోన్ చేసి, తొలిచూలు కదా, ఒక్క పెద్ద ముత్తైదువకైనా వాయనమిచ్చి దీవెన తీసుకోమని మరీ మరీ చెప్పింది. లిఫ్టులో ముఖాలే తప్ప మనుషులు తెలియని చోట ముత్తైదువను ఎక్కడి నుంచి తెచ్చేది? ఆ దీవెన లేకపోతే కడుపులో బిడ్డకేమవుతుందోనని బెంగ మాత్రం పట్టుకుంది. చివరికి సిగ్గు విడిచి కనపడిన తలుపల్లా కొట్టాను.

ఇద్దరొచ్చారు. ఒకరు పై అంతస్తు ఫిలిప్పీన్స్ నర్సు, రెండోవారు కొడుకు దగ్గర ఉండే ఎదురింటి సూడాన్ పెద్దావిడ. ఈవిడకు ఇంగ్లీషు రాదు, నాకు అరబ్బీ రాదు, నర్సుకు రెండూ కాస్త కాస్త వచ్చు. దుగ్గిరాల పసుపు తడిపి పాదాలకు రాయబోతే పెద్దావిడ చటుక్కున కాళ్లు వెనక్కి లాక్కుంది. మొహమాటం కాబోలనుకుని, మనం వదులుతామా, మడమలు పట్టుకుని చక్కగా పూసేశాను. తీరా చూస్తే ఆవిడ కళ్ల నిండా నీళ్లు. నానబెట్టిన శనగలు, జాకెట్టు గుడ్డ చేతిలో పెట్టి దణ్ణం పెడితే, నా తల మీద చెయ్యి వేసి చాలాసేపు తన భాషలో ఏదో చదివింది.

ఆవిడ వెళ్లాక నర్సు అసలు సంగతి చెప్పింది. వాళ్ల దేశంలో భర్త ఉన్నవాళ్లే కాళ్లకు గోరింటాకు పెట్టుకుంటారట, ఈవిడ భర్త పోయి చాలా ఏళ్లయిందట, అప్పటి నుంచీ ఆ పాదాలకు ఎవరూ ఏమీ పెట్టలేదట. ఏడుస్తూ అమ్మకు ఫోన్ చేశాను. అంతా విని “మనసారా దీవించిందా?” అనడిగింది. అవునన్నాను. “ఇంకేం మరి, అన్నం తిని పడుకో” అంది.

మర్నాటి నుంచి ఆవిడ మా వంటింట్లోనే ఉండేది. నొప్పులొచ్చిన రోజు మావారు ఊళ్లో లేకపోతే కొడుకు చేత కారు తీయించి ఆసుపత్రికి తీసుకుపోయింది. మా అమ్మాయిని నాకంటే ముందు ఎత్తుకున్నది ఆవిడే.

ఒకరి సంగతి ఒకరికి తెలియని బిల్డింగు కాబట్టి అన్ని తలుపులూ కొట్టాను. ఇక్కడ మా అంతస్తులో అందరికీ నా సంగతి తెలుసు, మర్యాదగా తప్పుకుంటారు, ఎవరినీ తప్పు పట్టడానికి లేదు. ఆనాడు పెద్దావిడ కాళ్లెందుకు లాక్కుందో మాత్రం ఈ వయసుకు బాగా తెలిసింది. ఏమీ తెలియకుండా వచ్చి, లాక్కున్నా వదలకుండా నా కాళ్లు పట్టుకునే పిచ్చిపిల్ల ఒకతె ఈ బిల్డింగులో అద్దెకు దిగితే బాగుండునని ఉంది.